క్యాజువాలిటీ గుమ్మం దగ్గర: ముందు వైద్యం, తర్వాతే డిపాజిట్

రాత్రి పదకొండు దాటాక పటమటలో ఒక చిన్న ఆసుపత్రి ముందు ఆటో ఆగిందనుకోండి. లోపల ఆటోనగర్‌లో లేత్ మిషన్ కింద చెయ్యి నలిగిన కుర్రాడు. పక్కనే తువ్వాలుతో ఆ చేతిని అదిమిపట్టుకున్న అన్న. కౌంటర్లో వినపడే మొదటి మాట, "ఎంత కట్టగలరు?" రెండోది, "పోలీసు కేసవుతుంది, పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి." ఈ రెండు మాటలూ చట్టం ముందు నిలవవు. ఆ సంగతి కౌంటర్ అవతల ఉన్నవాళ్లకు తెలుసు. ఇవతల ఉన్న మనవాళ్లలో చాలామందికి తెలియదు.

స్కూటర్ మీద వెళ్తున్న ఒక మనిషిని కారు గుద్దింది. దగ్గర్లోని ఆసుపత్రి అతన్ని చేర్చుకోలేదు. పోలీసు కేసులు చూసే ఆసుపత్రి ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉంది, అక్కడికి పొమ్మంది. దారిలోనే ప్రాణం పోయింది. ఈ వార్త ఆధారంగా నడిచిన పరమానంద కటారా కేసులో సుప్రీంకోర్టు 1989 ఆగస్టు 28న తీర్పిచ్చింది. ప్రభుత్వ డాక్టరైనా, ప్రైవేటు డాక్టరైనా ముందు ప్రాణం కాపాడాలి, పోలీసు లాంఛనాలు తర్వాత చూసుకోవచ్చు అన్నది. సరిగ్గా రెండు వారాలకు, సెప్టెంబరు 11న, ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి రాష్ట్రపతి ఆమోదం లభించింది.

ప్రభుత్వాసుపత్రి "బెడ్లు లేవు" అంటే? 1992లో బెంగాల్‌లో హకీం షేక్ అనే వ్యవసాయ కూలీ రైల్లోంచి పడ్డాడు. తలకు దెబ్బ తగిలిన మనిషిని ప్రభుత్వాసుపత్రులు వరసగా తిప్పి పంపాయి. చివరికి ప్రైవేటులో సుమారు 17 వేలు ఖర్చు పెట్టుకున్నాడు. అతనికి 25 వేల పరిహారం ఇవ్వమని 1996లో సుప్రీంకోర్టు ఆదేశించింది. డబ్బు లేదనే సాకుతో ప్రభుత్వం ఈ బాధ్యత తప్పించుకోలేదని చెప్పింది.

అడ్రసు చెప్పగానే కులం తెలిసిపోయే ఊళ్లు మనవి. కులం పేరుతో ఆసుపత్రి గుమ్మం తొక్కనివ్వకపోవడం 1955 పౌరహక్కుల పరిరక్షణ చట్టం నుంచీ నేరమే. 2016 జనవరి 26న అమల్లోకి వచ్చిన సవరణ దాన్ని అత్యాచారాల చట్టంలోనూ చేర్చింది. అయితే ఒకటి ఒప్పుకోవాలి. క్యాజువాలిటీలో వచ్చిన వరసను బట్టి చూడరు, ప్రమాదాన్ని బట్టి చూస్తారు. గుండెనొప్పితో వచ్చినవాణ్ణి ముందు తీసుకెళ్లడం వివక్ష కాదు.

దాడిలో దెబ్బలు తగిలి వచ్చినప్పుడు ఆ గదిలో రాసే కాగితం వైద్యం కోసమే కాదు, రేపటి కేసుకూ అదే పునాది. ఎవరు, దేనితో, ఎక్కడ కొట్టారో డాక్టరుకు చెప్పండి. రక్తం కారని దెబ్బలు కూడా చూపించండి. వీపు మీద కమిలిన మచ్చ చూపించకపోతే గాయాల సర్టిఫికెట్లో అది ఉండదు. మెడికో లీగల్ కేసుగా రాయమని అడిగి, నంబరు తీసుకోండి. అత్యాచారాల చట్టం నియమాల ప్రకారం లైంగికదాడి బాధితురాలికి రావాల్సిన పరిహారంలో సగం వైద్య నివేదికతో ముడిపడి ఉంటుంది. ఆమెకు ప్రథమ చికిత్స ఏ ఆసుపత్రైనా ఉచితంగా చేయాల్సిందే.

పెద్దాసుపత్రికి పంపాల్సి వస్తే ముందు రక్తం ఆపి, సెలైన్ ఎక్కించి, ఆ తర్వాతే పంపాలి. 108కి డబ్బులివ్వక్కర్లేదు. బయల్దేరేముందు "మా ఇష్టప్రకారమే తీసుకెళ్తున్నాం" అనే ఫారం ముందు పెడతారు. మీరు వెళ్లిపోతామని అనకుండా, వాళ్లే పంపుతుంటే దానిమీద సంతకం పెట్టొద్దు. వేలిముద్రా వేయొద్దు. ఎన్ని గంటలకు తెచ్చారు, ఏ మందులిచ్చారు, ఎందుకు పంపుతున్నారు అన్నది రాసిన రిఫరల్ చీటీ అడగండి. ఆటో కదిలేలోపు దాన్ని ఫోన్లో ఫొటో తీసుకోండి.