ఏటీఎంలో డబ్బే కాదు, ఇంటర్నెట్ కూడా!

ఏటీఎం అనగానే మనకు స్కాలర్‌షిప్ డబ్బులు తీసుకునే యంత్రమే గుర్తొస్తుంది. పీజీలో చేరిన కొత్తలో మేమూ అలాగే అనుకున్నాం. నెట్‌వర్కుల్లో ఏటీఎం అంటే అసింక్రనస్ ట్రాన్స్‌ఫర్ మోడ్. 2005లో బీఎస్ఎన్ఎల్ మొదలుపెట్టిన టెలిఫోన్ తీగ బ్రాడ్‌బ్యాండ్ దీని మీదే నడిచింది. మదీనాగూడలో మేం అద్దెకుంటున్న గదిలో దొరికిన పాత మోడెం మీద 0/35 అని రాసి ఉంది. అది ఏటీఎం దారి నంబరు.

ఇంటర్నెట్ ప్యాకెట్ చిన్నదీ కావచ్చు, 1500 బైట్లదీ కావచ్చు. ఏటీఎం సెల్ మాత్రం ఎప్పుడూ 53 బైట్లే: 5 చిరునామాకు, 48 సరుకుకు. ఫోన్ మాటలు పెద్ద ప్యాకెట్ల వెనుక ఆగిపోకూడదని సెల్‌ను చిన్నదిగా పెట్టారు. అమెరికా 64, ఐరోపా 32 కోరితే మధ్యలో 48 దగ్గర రాజీ కుదిరింది.

హాస్టల్ బియ్యం బస్తాను ఒకే కొలత డబ్బాల్లో పంపినట్లు, 1500 బైట్ల ప్యాకెట్‌కు 8 బైట్ల తనిఖీ చీటీ జోడించి 32 సెల్స్‌గా కోస్తారు. చివరి డబ్బా నిండకపోయినా పూర్తి డబ్బాగానే పోవాలి. తీగ మీద మొత్తం 1696 బైట్లు! దారిలో ఒక్క సెల్ పోయినా చీటీ లెక్క కుదరదు, మిగతా 31 కూడా వృథా. అందుకే రద్దీలో ఒక సెల్ పోతే దాని తోటి సెల్స్‌నూ అక్కడే వదిలేసే పద్ధతి తెచ్చారు.

మా ఇళ్లలో డిగ్రీ చదివింది మేమే మొదలు. "53 ఎందుకు సార్?" అని అడగడానికి సిగ్గుపడి ఒక సెమిస్టరంతా బట్టీ పట్టాం. తమ్ముళ్లూ, మీరు అడగండి.