ఊపిరితిత్తిలో కొక్కెం తీగ

సీటీ తెర మీద 8 మిల్లీమీటర్ల బుడిపె స్పష్టంగా కనిపిస్తుంది. ఆపరేషన్ బల్ల దగ్గర అదే బుడిపె చిక్కదు. కెమెరాతో చేసే ఛాతీ ఆపరేషన్‌లో ఆ వైపు ఊపిరితిత్తికి గాలి ఆపేస్తారు. అది ముడుచుకుపోగానే సీటీ చూపించిన చోటు తారుమారవుతుంది. ఛాతీ తెరిచే రోజుల్లో సర్జన్ చెయ్యి పెట్టి తడిమి పట్టుకునేవారు. ఇప్పుడున్నవి చిన్న రంధ్రాలే. పైగా మసకమచ్చల్లాంటి మెత్తని బుడిపెలు వేలికీ తగలవు. 10 మి.మీ. మించని బుడిపె, పైపొర నుంచి 5 మి.మీ. కన్నా లోతున ఉంటే దొరక్కపోయే అవకాశం 63 శాతమని 1999లో జపాన్ వైద్యులు లెక్కగట్టారు.

ఇలాంటి బుడిపెకు గుర్తు పెట్టే పనిముట్టు రొమ్ము వైద్యం నుంచి వచ్చింది. మామోగ్రామ్‌లో తప్ప చేతికి తెలియని గడ్డల్లోకి కొక్కెం తీగ గుచ్చే పద్ధతిని 1976లో బోస్టన్ వైద్యులు ఫ్రాంక్, హాల్, స్టీర్ ప్రకటించారు. 1980లో డేనియల్ కోపన్స్ దాన్ని మెరుగుపరిచారు. సూదిలో ఉన్నంతసేపూ తిన్నగా ఉండే తీగ, సూది లాగేయగానే కొన వంచుకుని అక్కడే కూర్చుంటుంది. 1990ల తొలినాళ్లలో ఆ తీగే ఊపిరితిత్తికి చేరింది.

అరువు సొమ్ము బరువు చేటు! రొమ్ము ఊపిరి పీల్చదు కదా. ఊపిరితిత్తి ముడుచుకుంటూ ఛాతీ గోడ నుంచి విడివడేటప్పుడు, రెంటినీ కుట్టినట్టున్న తీగ ఊడిరావచ్చు. గుచ్చిన చోట గాలి లీకై ఛాతీలో చేరవచ్చు, రక్తమూ కారవచ్చు. అరుదుగా గాలి బుడగ రక్తనాళంలోకి దూరితే ప్రాణానికే ముప్పు. అందుకే కొందరు గట్టి తీగ బదులు దారం తోక పెట్టారు, కొందరు సన్నని లోహపు చుట్టలు వాడారు. మిథిలీన్ బ్లూ అనే రంగు కూడా ఎక్కించి చూశారు, కానీ ఆలస్యమైతే ఆ నీలం చుట్టూ పాకిపోతుంది.

ఊపిరితిత్తిని అసలు గుచ్చకుండా నరానికే ఇచ్చే మందు సైటాలక్స్. దాన్ని పట్టుకున్న క్యాన్సర్ కణాలు ప్రత్యేక కెమెరాలో వెలుగుతాయి. 2022 డిసెంబరులో అమెరికా ఎఫ్‌డీఏ ఊపిరితిత్తులకూ దాన్ని అనుమతించింది. లోతున దాగిన బుడిపె వెలుగు మాత్రం పైకి రాదు. నా లెక్కలో, గుచ్చి పెట్టే గుర్తు ఏదైనా సీటీ గదికీ ఆపరేషన్ థియేటర్‌కీ మధ్య ఆలస్యం చేసే స్ట్రెచర్ ప్రయాణమే అసలు శత్రువు. రెండూ ఒకే గదిలో జరిగే ఏర్పాటు అందుకే మేలు, ఖర్చు భరించగలిగితే.

రిపోర్టులో బుడిపె అని ఉన్నంత మాత్రాన బెంబేలెత్తకండి. చిన్నవాటిలో అత్యధికం క్యాన్సర్ కావు, మన దగ్గర పాత క్షయ మచ్చలూ అలాగే కనిపిస్తాయి. పెరుగుతోందో లేదో తేల్చేది పాత స్కానే. దాన్ని పారేయకుండా డాక్టరు దగ్గరికి వెంట తీసుకెళ్లండి.