పెట్టె ఖాళీ చేసి చూడండి!

బల్లమీద ఓ కొవ్వొత్తి, అగ్గిపుల్లలు, పెట్టె నిండా బోర్డుకు గుచ్చే పిన్నులు. కొవ్వొత్తిని గోడకు నిలబెట్టి వెలిగించాలి... బల్లమీద మైనం చుక్క పడకూడదు. ఎలా? జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త కార్ల్ డంకర్ 1930ల్లో పెట్టిన పరీక్ష ఇది. కొవ్వొత్తికే పిన్నులు గుచ్చబోయి తంటాలుపడ్డవాళ్లే ఎక్కువ. పిన్నులు పారబోసి, పెట్టెను గోడకు గుచ్చి, అందులో కొవ్వొత్తి నిలబెడితే సరి! ఆ పెట్టెనే మొదట ఖాళీగా ఇస్తే చాలామందికి చప్పున తట్టింది. ఒక పనిలో ఉన్న వస్తువు ఇంకోదానికి పనికొస్తుందంటే మనసు ఓపట్టాన ఒప్పుకోదు మరి.

మేడ్చల్‌లో తయారైన టీకా వెనకా ఇలాంటి పెట్టె ఒకటుంది. 1990ల్లో హెపటైటిస్-బి టీకా విదేశాల నుంచి రావాల్సిందే. డోసు సుమారు 23 డాలర్లు... అప్పటి లెక్కన ఏడెనిమిది వందల రూపాయలు. అలాంటివి మూడు! పరిజ్ఞానం కొందామంటే విదేశీ సంస్థ ఇవ్వలేదు. ఎలక్ట్రానిక్స్ ఇంజినీరు వరప్రసాద రెడ్డి 1993లో తల్లి పేరిట శాంతా బయోటెక్నిక్స్ స్థాపించారు. ఆయన జీవశాస్త్రం చదివినవారు కాదు. బహుశా అదే మేలైందేమో!

వైరస్ జన్యువును ఈస్ట్‌లో పెడితే టీకాకు కావలసిన ప్రొటీన్‌ను అది తయారుచేసి పెడుతుంది. విదేశీ కంపెనీలు వాడింది బ్రెడ్డును పొంగించే ఈస్ట్. శాంతా శాస్త్రవేత్తలు ‘పికియా’ అనే మరో రకాన్ని ఎంచుకున్నారు. 1970ల్లో ఓ అమెరికా చమురు కంపెనీ దీన్ని పశువుల దాణా కోసం పెంచింది. మిథనాల్ తిని బతికే ఈ ఈస్ట్, చమురు ధరలు పెరిగాక దాణాగా గిట్టుబాటు కాలేదు. కానీ తొట్టిలో చిక్కగా పెరుగుతుంది, ప్రొటీన్ దండిగా ఇస్తుంది. దాణా ముద్ర చెరిపి చూస్తే, అదే టీకాల కార్ఖానా! 1997 ఆగస్టులో షాన్‌వాక్-బి వచ్చింది. వందల్లో ఉన్న ధర పదుల్లోకి దిగింది.

అక్కడికి దగ్గర్లోనే, శామీర్‌పేట వైపు తుర్కపల్లిలోని భారత్ బయోటెక్‌ది ఇంకో దారి. ప్రొటీన్ శుద్ధికి సీసియం క్లోరైడ్ వాడటం అప్పటి అలవాటు. ఖరీదైన రసాయనం, పైగా టీకాలో మిగిలిపోకుండా చూసుకోవాలి. దానికి చవకైన ప్రత్యామ్నాయం వెతకడం ఒక పద్ధతి. ఈ సంస్థ అసలది లేకుండానే శుద్ధిచేసి, 1990ల చివర్లో రివాక్-బి తెచ్చింది.

శాంతా 2009లో ఫ్రాన్స్‌కు చెందిన సనోఫీ చేతికి వెళ్లింది. ఒకప్పుడు డబ్బున్నవాళ్లకే అందిన హెపటైటిస్-బి టీకా మాత్రం 2002లో ప్రభుత్వ టీకాల కార్యక్రమంలోకి ప్రయోగాత్మకంగా చేరి, 2011 నాటికి దేశమంతటా పసిపిల్లలకు ఉచితమైంది.