లివర్ పరీక్షలో అంకె పెరిగిందా? కంగారు వద్దు, అశ్రద్ధా వద్దు

ల్యాబ్ నుంచి రిపోర్టు చేతికి రాగానే చాలామంది ముందుగా ఏ అంకె నల్లగా అచ్చయిందో, దేని పక్కన చుక్క గుర్తు ఉందో వెతుకుతారు. షుగర్ ఎక్కువని వస్తే తట్టుకుంటారు గాని, లివర్ సంగతి అనేసరికి గుండె జారిపోతుంది. "సిస్టరుగారూ, నా లివర్ చెడిపోయిందా?" అని ఓ.పి.లోనూ వార్డులోనూ మమ్మల్ని తరచుగా అడుగుతుంటారు. అందుకే ఈసారి ఆ విషయమే మీతో మాట్లాడదలిచాము.

ఆ అంకెలు ఏమి చెబుతాయి?

ఎల్.ఎఫ్.టి. పరీక్షలో బిలిరుబిన్, ఎస్.జి.ఓ.టి., ఎస్.జి.పి.టి., ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, ఆల్బుమిన్ మొదలైనవి చూస్తారు. కొన్ని ల్యాబులు ఎస్.జి.ఓ.టి.ని ఎ.ఎస్.టి. అని, ఎస్.జి.పి.టి.ని ఎ.ఎల్.టి. అని రాస్తాయి. పేర్లు వేరైనా పరీక్ష అదే. ఈ రెండూ కణాల లోపల ఉండే ఎంజైములు. లివర్ కణాలకు దెబ్బ తగిలితే అవి రక్తంలోకి ఎక్కువగా వస్తాయి. అంటే లివర్‌కు ఏదో ఇబ్బంది కలుగుతోందని తెలిపే కబురు అది. లివర్ పని ఆగిపోయిందని దాని అర్థం కాదు.

ఇంకో సంగతి. ఆరోగ్యవంతులలో 100కి 95 మందికి వచ్చే అంకెలనే సాధారణంగా నార్మల్ హద్దుగా పెట్టుకుంటారు. కనుక ఏ జబ్బూ లేనివారిలోనూ 100కి సుమారు 5గురికి అంకె ఆ హద్దు దాటుతుంది.

అంకె ఎంత పెద్దదైతే ప్రమాదం అంత పెద్దదని కూడా అనుకోకూడదు. కలుషిత నీటివల్ల వచ్చే హెపటైటిస్ ఎ జబ్బులో ఎస్.జి.పి.టి. వేలలోకి వెళ్ళి, కొన్ని వారాలకు మామూలు స్థితికి రావచ్చు. లివర్ గట్టిపడిపోయే సిరోసిస్‌లో అదే అంకె నార్మల్‌కు దగ్గరగా ఉండవచ్చు. అందుకే డాక్టరుగారు ఒక్క అంకెనే చూడరు. ఆల్బుమిన్, రక్తం గడ్డకట్టే సమయం, స్కాన్, మీ ఒంటి పరిస్థితి, అన్నీ కలిపి చూస్తారు.

ఎందుకు పెరుగుతాయి?

మనవాళ్ళలో ఎక్కువగా కనబడే కారణం లివర్‌లో కొవ్వు చేరడం. పొట్ట పెరిగినవారికి, షుగర్ ఉన్నవారికి మద్యం ముట్టకపోయినా ఇది వస్తుంది. మద్యం, హెపటైటిస్ వైరస్‌లు, కొన్ని మందులు మిగతా ముఖ్య కారణాలు. విపరీతంగా బరువులు మోసినా, కొత్తగా కఠినమైన వ్యాయామం చేసినా కండరాల నుంచి ఎస్.జి.ఓ.టి. పెరగవచ్చు. గర్భిణులలోనూ ఎదిగే పిల్లలలోనూ ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఎక్కువగా ఉండటం సహజమే.

కొందరికి పుట్టుకతోనే బిలిరుబిన్ కొంచెం ఎక్కువగా ఉంటుంది. దీనిని గిల్బర్ట్ సిండ్రోమ్ అంటారు. శ్రమకాలంలో ఉపవాసం ఉన్నప్పుడు వీరి కళ్ళు కాస్త పచ్చబడవచ్చు. మిగతా పరీక్షలు బాగున్నాయని, ఇది గిల్బర్టేనని డాక్టరుగారు తేల్చి చెబితే భయపడనక్కరలేదు.

భయం చేయించే పనులు

లివర్ కంటే భయమే మనిషికి ఎక్కువ చెరుపు చేసిన సందర్భాలు మేము చూశాము.

మొదటిది పసరు మందు. కామెర్లని తెలియగానే పసరు తాగించడం, చేతిమీద వాత పెట్టించడం ఇంకా పోలేదు. హెపటైటిస్ ఎ, ఇ చాలామందిలో వాటంతటవే తగ్గిపోతాయి. ఆ పేరు పసరుకు వస్తుంది. తగ్గని జబ్బు ఉన్నవారికి మాత్రం విలువైన సమయం పోతుంది. కొన్ని మూలికలు లివర్‌నే దెబ్బతీస్తాయి. తిప్పతీగ వాడిన కొందరిలో లివర్ దెబ్బతిన్నదని 2021లో ముంబై వైద్యులు తెలిపారు.

రెండవది, సొంతంగా మందులు మానేయడం. టి.బి. మాత్రలు వాడేటప్పుడు ఎంజైములు కొద్దిగా పెరగడం మామూలే. భయపడి మానేస్తే టి.బి. ముదురుతుంది, ఆ మందులకు లొంగకుండానూ పోవచ్చు. అయితే వాంతులు, ఆకలి లేకపోవడం, కళ్ళు పచ్చబడటం ఉంటే మాత్రం ఆ రోజే చూపించుకోవాలి. ఏ మాత్ర ఆపాలో, ఏది కొనసాగించాలో డాక్టరుగారే చెబుతారు.

మూడవది, కడుపు మాడ్చుకోవడం. నెలల తరబడి చప్పిడి కూడు తింటే నీరసమే మిగులుతుంది. పప్పు, గుడ్డు, కూరగాయలు, పండ్లు మానవలసిన పనిలేదు.

నాల్గవది, కంచం వేరు చేయడం. హెపటైటిస్ బి ఉందని తెలిస్తే ఇంట్లోనే అంటరానివారిలా చూస్తారు. ఒకే కంచంలో తిన్నా, కౌగిలించుకున్నా, ఆరాధనలో పక్కన కూర్చున్నా అది అంటుకోదు. రక్తం, సూదులు, బ్లేళ్ళు, లైంగిక సంబంధం, కాన్పులో తల్లి నుంచి బిడ్డకు, ఇవే దాని దారులు. ఇంట్లోవారు పరీక్ష చేయించుకుని టీకా వేయించుకుంటే చాలు. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద హెపటైటిస్ బి, సి పరీక్షలు, చికిత్స ప్రభుత్వ కేంద్రాలలో ఉచితం.

ఐదవది, దాచడం. సంఘంలో తెలిస్తే పరువు పోతుందని తాగుడు సంగతి మా దగ్గర కూడా దాస్తారు. భార్య పక్కన ఉంటే చెప్పలేకపోతే మీరొక్కరే లోపలికి రండి. మీ మాట మా గది దాటదు. నిజం తెలియకపోతే డాక్టరుగారు చీకట్లో వెతకవలసి వస్తుంది. అయితే రోజూ తాగేవారు ఒక్కసారిగా మానితే వణుకు, ఫిట్స్ రావచ్చు. కనుక ఆసుపత్రి సాయంతోనే మానాలి.

మళ్ళీ పరీక్ష వరకు ఏమి చేయాలి?

డాక్టరుగారు చెప్పిన తేదీకే రండి. రెండు రోజులకొకసారి వేరే ల్యాబ్‌లో చేయించుకుంటే అంకెలలో చిన్న తేడాలు వచ్చి దిగులు పెరుగుతుందే గాని తగ్గదు.

వాడే ప్రతి మందు పేరు ఒక కాగితం మీద రాయండి. జలుబు మాత్రలు, కషాయాలు, జిమ్‌లో ఇచ్చే పొడులు కూడా రాయండి. పారాసిటమాల్ చాలా జలుబు మాత్రలలో కలిసి ఉంటుంది. తెలియకుండా రెండింతలు పడే ప్రమాదం ఉంది. మద్యం పూర్తిగా మానాలి. లివర్‌లో కొవ్వు ఉందని తేలితే తీపి పానీయాలు, నూనె వంటలు తగ్గించి రోజూ నడవండి. 70 కిలోల మనిషి నెమ్మదిగా 5 నుంచి 7 కిలోలు తగ్గినా లివర్‌కు ఎంతో మేలు.

రాత్రి నిద్ర పట్టకపోతే దిగులును ఒంటరిగా మోయకండి. నమ్మకమైన ఒక్కరితో చెప్పుకోండి. మనసులోని ప్రశ్నలు రాసి పెట్టుకోండి. "ఏ కారణం కావచ్చు? ఇంకా ఏ పరీక్ష కావాలి? ఎప్పుడు రావాలి?" ఈ మూడూ అడిగితే సగం భారం దిగుతుంది.

ఆలస్యం చేయకూడని లక్షణాలు

కళ్ళు పచ్చబడి మూత్రం ముదురు రంగులో రావడం, రక్తపు వాంతి, తారులా నల్లటి విరేచనం, పొట్ట ఉబ్బడం, మగతగా ఉండి తికమకగా మాట్లాడటం. వీటిలో ఏది కనిపించినా తేదీ కోసం చూడకండి, రాత్రయినా వెంటనే ఆసుపత్రికి రండి. గర్భిణికి కామెర్లు వచ్చినా, అరచేతులు, అరికాళ్ళు విపరీతంగా దురద పెట్టినా అంతే తొందర అవసరం.

దెబ్బతిన్న భాగాన్ని తిరిగి పెంచుకునే శక్తి లివర్‌కు ఉంది. కారణాన్ని త్వరగా కనిపెట్టి తొలగిస్తే అది చాలావరకు కోలుకుంటుంది. రిపోర్టును దిండు కింద పెట్టుకుని కుమిలిపోకండి, బీరువాలో పెట్టి మరచిపోకండి. పాత రిపోర్టులు కూడా తీసుకుని మా దగ్గరకు రండి.