హెడ్‌ఫోన్స్ కొనబోయే మిత్రులకు

పాట వినని విద్యార్థి మన హాస్టల్‌లో ఒక్కరు కూడా లేరంటే అతిశయోక్తి కాదు. హాస్టల్ మొత్తానికి ఒకే రేడియో, ఆ తర్వాత ఒకే టేప్ రికార్డర్ ఉన్న రోజులను పాత విద్యార్థులు ఇప్పటికీ చెబుతుంటారు. ఇప్పుడు ప్రతి జేబులోనూ ఫోన్ ఉంది. వినడమే కాదు, సొంతంగా పాట కట్టి, పాడి, రికార్డు చేసి నలుగురికీ పంపే మిత్రులు కూడా మనలో పెరిగారు. ఏప్రిల్ 11 ఫూలే జయంతికి, ఏప్రిల్ 14 అంబేద్కర్ జయంతికి మన గొంతుతో ఒక కొత్త పాట ఉండాలని అందరం కోరుకుంటాం. ఆ పాట బాగా కుదరాలంటే ముందు దాన్ని సరిగ్గా వినగలగాలి. అందుకు ఏ హెడ్‌ఫోన్స్ కొనాలి, ఎలా చూసి కొనాలి అన్నదే ఈ వ్యాసం. స్కాలర్‌షిప్ డబ్బుల్లో మిగిల్చుకుని కొనే వస్తువు ఇది. తప్పు వస్తువు కొంటే మళ్లీ కొనుక్కునే స్తోమత మనలో చాలామందికి ఉండదు.

మూసినవి, తెరిచినవి: తేడా ఏమిటి?

చెవి మొత్తాన్ని కప్పే హెడ్‌ఫోన్స్ ముఖ్యంగా రెండు రకాలు. లోపల ఒక పలుచని పొర, దానికి అంటుకుని తీగచుట్ట, పక్కన అయస్కాంతం ఉంటాయి. కరెంటు సంకేతం వచ్చినప్పుడు ఆ పొర ముందుకూ వెనక్కూ కదులుతుంది. ముందు నుంచి వచ్చే శబ్దం మన చెవిలోకి వస్తుంది. అదే సమయంలో వెనుక నుంచి కూడా శబ్దం పుడుతుంది. ఆ వెనుక శబ్దాన్ని జాలీ గుండా బయటకు వదిలేస్తే తెరిచిన రకం. గట్టి డొప్పతో మూసి ఆపేస్తే మూసిన రకం.

డప్పు వెనుక భాగాన్ని ఒంటికి ఆనించి వాయిస్తే శబ్దం మారిపోతుందని డప్పు పట్టిన వారందరికీ తెలుసు. ఇదీ అలాంటిదే. తెరిచిన వాటిలో శబ్దం గదిలో వింటున్నట్లు విశాలంగా ఉంటుంది. 1997లో సెన్‌హైజర్ కంపెనీ తెచ్చిన హెచ్‌డి 600 ఈ రకానికి పేరుపొందిన ఉదాహరణ. కానీ వాటిలో మన పాట పక్కవాడికి వినిపిస్తుంది, పక్కవాడి మాట మనకు వినిపిస్తుంది. మూసిన వాటిలో లోపలిది లోపలే, బయటిది బయటే. అయితే డొప్పలో చిక్కిన శబ్దం గోడలకు తగిలి తిరిగి వస్తుంది కనుక కొన్నింటిలో బేస్ ఉబ్బినట్లు, పాట ఇరుకు గదిలో ఉన్నట్లు అనిపిస్తుంది.

ప్రశాంతమైన సొంత గది ఉన్నవారికి తెరిచినవి మంచివని చాలామంది నిపుణులు చెబుతారు. ఆ మాట నిజమే. కానీ మనకు మంచం పక్కన మంచం. ఒకరు గ్రూప్స్‌కి చదువుతుంటారు, ఒకరు నిద్రపోతుంటారు, వరండాలో ఒకరు ఫోన్ మాట్లాడుతుంటారు. ఇతరులకు ఇబ్బంది లేకుండా వినాలన్నా, మైకు ముందు పాడేటప్పుడు ట్రాక్ శబ్దం మళ్లీ మైకులోకి పోకుండా ఉండాలన్నా మూసిన రకమే మనకు సరైనది. స్టూడియోల్లో కూడా పాడేవారికి సాధారణంగా మూసినవే ఇస్తారు.

వినడానికి ఒకటి, మిక్సింగ్‌కు ఒకటా?

సరదాగా వినడానికి తయారయ్యే చాలా హెడ్‌ఫోన్స్‌లో బేస్‌ను కావాలనే పెంచుతారు. సినిమా పాట దుమ్ము రేపినట్లు ఉంటుంది. తప్పేమీ లేదు. కానీ మిక్సింగ్ అంటే ఏ శబ్దం ఎంత ఉండాలో మనం తీర్పు చెప్పడం. తూకం రాయి తప్పుగా ఉంటే తూకమంతా తప్పే. హెడ్‌ఫోన్స్ తనంతట తాను బేస్ కలిపితే, ఎక్కువైందనుకుని మనం తగ్గిస్తాం. ఆ పాట వేరేచోట పెడితే డప్పులో బలం ఉండదు. హెడ్‌ఫోన్స్‌లో బేస్ తక్కువైతే మనం పెంచుతాం. అప్పుడు స్పీకర్‌లో డప్పు మోతే తప్ప మాట వినిపించదు.

మన పాటకు మాటే ప్రాణం. అందుకే ఒక చిన్న పరీక్ష చెబుతాం. డప్పును సిర్రతో కొట్టినప్పుడు బరువైన దెబ్బ, సిటికెన పుల్లతో కొట్టినప్పుడు సన్నని దెబ్బ వస్తాయి. మంచి హెడ్‌ఫోన్స్‌లో ఈ రెండూ విడివిడిగా తెలియాలి. వాటి మధ్య గాయకుడి మాటలో ఒత్తులు, దీర్ఘాలు స్పష్టంగా వినిపించాలి. ఇలా ఉన్న జత మిక్సింగ్‌కూ పనికివస్తుంది, వినడానికీ పనికివస్తుంది. మొదట కొంచెం చప్పగా అనిపించినా పది రోజుల్లో చెవి అలవాటు పడుతుంది. కనుక డబ్బు తక్కువ ఉన్నవారు మిక్సింగ్‌కు పనికివచ్చేది ఒక్కటి కొంటే చాలు.

పెట్టె మీది అంకెలు

మనిషి చెవి సుమారు 20 నుంచి 20,000 హెర్ట్జ్ వరకు వినగలదు. దాదాపు ప్రతి పెట్టె మీదా ఈ అంకెలే ఉంటాయి. అవి ఎక్కడి నుంచి ఎక్కడి వరకు అన్నది చెబుతాయి కానీ, మధ్యలో ఎంత సమానంగా వినిపిస్తుందో చెప్పవు. కనుక వాటిని చూసి మోసపోవద్దు.

చూడవలసిన అంకె ఓమ్‌లు. ఇది విద్యుత్తుకు హెడ్‌ఫోన్స్ చూపే అడ్డు. బేయర్‌డైనమిక్ డిటి 770 ప్రో అనే మూసిన రకం 32, 80, 250 ఓమ్‌లలో వచ్చింది. 250 ఓమ్‌లది నేరుగా ఫోన్‌కు పెడితే చాలాసార్లు శబ్దం చాలదు, విడిగా ఆంప్లిఫయర్ కావాలి. ఫోన్, ల్యాప్‌టాప్ మాత్రమే ఉన్నవారు 80 ఓమ్‌ల లోపువి చూసుకోవడం మంచిది. 1991 నుంచి స్టూడియోల్లో కనిపించే సోనీ ఎండిఆర్-7506 63 ఓమ్‌లు. ఆడియో-టెక్నికా ఎం20ఎక్స్ 47 ఓమ్‌లు, ఎం50ఎక్స్ 38 ఓమ్‌లు. ఈ పేర్లు ప్రచారం కోసం కాదు, పోల్చి చూడడానికి మాత్రమే.

వైరు విషయం కూడా ముఖ్యం. బ్లూటూత్‌లో శబ్దం కొంచెం ఆలస్యంగా వస్తుంది. పాట వినేటప్పుడు తెలియదు కానీ పాడుతూ రికార్డు చేసేటప్పుడు తాళం తప్పిస్తుంది. కనుక వైరు ఉన్నదే కొనాలి. హెడ్‌ఫోన్స్‌లో తరచుగా ముందు పాడయ్యేది వైరే. ఊడదీసి మార్చుకునే వైరు ఉంటే మరీ మేలు. ఎం50ఎక్స్‌కు ఆ సౌకర్యం ఉంది, ఎం20ఎక్స్‌కు లేదు. ఫోన్‌కు గుండ్రటి జాక్ లేకపోతే చిన్న కన్వర్టర్ తీసుకోవాలి.

అబిడ్స్, నాంపల్లిలో ఎలా చూడాలి?

నాంపల్లి మెట్రో స్టేషన్‌లో దిగితే అబిడ్స్ నడిచి వెళ్లగల దూరమే. జగదీశ్ మార్కెట్ ఫోన్లకు, వాటి సామానుకు పేరుపొందింది. ఇంకొంచెం ముందుకు కోఠి వైపు వెళితే గుజరాతీ గల్లీలో మైకులు, స్పీకర్లు, ఆంప్లిఫయర్ల షాపులు ఉంటాయి. జనవరిలో వెళ్తే నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో నుమాయిష్ కూడా చూసి రావచ్చు. ఆదివారం మాత్రం అబిడ్స్‌లో చాలా షాపులు మూసి ఉంటాయి. వాటి ముందు పాత పుస్తకాలు పరుస్తారు. పుస్తకాలకైతే ఆదివారం, హెడ్‌ఫోన్స్‌కైతే మిగతా రోజులు.

వెళ్లేముందు ఇంటర్నెట్‌లో ధర చూసుకోండి. ఒంటరిగా కాక ఇద్దరు వెళ్లండి. షాపులో ఈ పనులు చేయండి:

1. బాగా తెలిసిన పాట ఒకటి, మన హాస్టల్‌లో రికార్డు చేసింది ఒకటి ఫోన్‌లో ఉంచుకోండి. వాయిస్ నోట్‌గా వచ్చిన ఫైలు వద్దు, అసలు ఫైలు ఉండాలి.

2. రెండు మోడళ్లను పోల్చేటప్పుడు శబ్దం సమానంగా పెట్టండి. ఎక్కువ శబ్దం వచ్చేదే మంచిదని చెవి భ్రమపడుతుంది.

3. పది నిమిషాలు తలకు పెట్టుకోండి. కళ్లద్దాలు ఉన్నవారు వాటితోనే పెట్టుకోవాలి. కుషన్‌కు, చెంపకు మధ్య సందు పడితే బేస్ కారిపోతుంది.

4. మిత్రుణ్ణి మూరెడు దూరంలో నిలబెట్టి శబ్దం బయటకు వస్తోందేమో అడగండి.

5. జాక్ దగ్గర వైరును మెల్లగా కదిపి చూడండి. గరగర వచ్చినా, ఒక చెవి ఆగిపోయినా వద్దు.

6. బిల్లు, వారంటీ కార్డు తీసుకోండి. పేరున్న కంపెనీ వస్తువు సగం ధరకు వస్తోందంటే అది అసలుదో, ఫస్ట్ కాపీనో ఆలోచించండి. కుషన్లు విడిగా దొరుకుతాయా అని అడగండి.

హెడ్‌ఫోన్స్‌ను పూర్తిగా నమ్మవద్దు

ఎంత మంచివైనా హెడ్‌ఫోన్స్‌కు ఒక పరిమితి ఉంది. స్పీకర్లలో రెండు వైపుల శబ్దమూ రెండు చెవులకూ చేరుతుంది. హెడ్‌ఫోన్స్‌లో కుడిది కుడికే, ఎడమది ఎడమకే. అందువల్ల కోరస్‌ను ఎంత పక్కకు జరిపామో సరిగ్గా అంచనాకు రాదు. ఆడాసిటీ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో మిక్స్ పూర్తయ్యాక ఆ పాటను ఫోన్ స్పీకర్‌లో, మామూలు ఇయర్‌ఫోన్‌లో, వీలైతే సభకు తెచ్చే బాక్సుల్లో విని చూడాలి. మూడుచోట్లా మాట తెలిస్తే మిక్స్ కుదిరినట్లే.

చివరగా చెవుల మాట. పెద్దలు వారానికి 80 డెసిబెల్స్ వద్ద 40 గంటల వరకు వినవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 90 డెసిబెల్స్‌కు పెంచితే ఆ సమయం వారానికి 4 గంటలకు పడిపోతుంది. శబ్దం వల్ల లోపలి చెవిలో పాడైన సూక్ష్మ కణాలు మళ్లీ పుట్టవు. మూసిన హెడ్‌ఫోన్స్ బయటి గోల తగ్గిస్తాయి కనుక తక్కువ శబ్దంలోనే వినవచ్చు. ఆ లాభాన్ని వాడుకోవాలి. గంటకోసారి తీసి చెవులకు విశ్రాంతి ఇవ్వాలి. రోడ్డు దాటేటప్పుడు, రైలు పట్టాల దగ్గర తప్పకుండా తీసేయాలి. చెవి కారుతున్నవారు ఇతరులతో పంచుకోకూడదు.

ఒక్కొక్కరం నాసిరకంవి కొని ఆరు నెలలకోసారి పారేసే బదులు, పాటలు కట్టే ఐదారుగురు కలిసి ఒక మంచి జత కొనుక్కోవచ్చు. వాడిన ప్రతిసారీ కుషన్లు తుడిచి, వైరు చుట్టి పెడితే మన తర్వాత వచ్చే తమ్ముళ్లకు కూడా పనికివస్తుంది. మన ఊళ్ల పాటలు, మన అమ్మానాన్నల పనిపాటలు ఇంకా రికార్డు కాకుండా ఎన్నో ఉన్నాయి. వాటిని పాడినవారి గొంతు చెడకుండా, మాట పోకుండా భద్రం చేసే పని చదువుకుంటున్న మనదే.