గచ్చిబౌలిలో మరో టీ20

టీ20 అంటే హైదరాబాద్‌లో ఎవరికైనా ఉప్పల్ స్టేడియమే గుర్తొస్తుంది. నగరానికి ఇటు చివర, హైటెక్ సిటీ ఆఫీసులకు దగ్గర్లో, గచ్చిబౌలిలో ఇంకో టీ20 ఉంది. అందులో బ్యాటూ ఉండదు, బంతీ ఉండదు. ట్రాక్ చుట్టూ ఒకే ఒక్క రౌండు, 400 మీటర్ల పరుగు. ఆ పరుగులో 2024లో ప్రపంచ రికార్డు నెలకొల్పిన అమ్మాయి జీవాంజి దీప్తి.

దీప్తి పుట్టింది వరంగల్ జిల్లా కల్లెడలో, 2003 సెప్టెంబరు 27న. నెల తిరక్కముందే హైదరాబాద్‌లో ఆఫ్రో ఏషియన్ క్రీడలు మొదలయ్యాయి. ఆ రోజుల్లోనే గచ్చిబౌలి ప్రాంతానికి పెద్ద స్టేడియాలు వచ్చాయి. ఆ సందడికీ దీప్తి ఇంటికీ ఏ సంబంధమూ లేదు. తల్లిదండ్రులవి కూలి బతుకులు. పిల్లకు పుట్టుకతోనే పెదవి చీలిక, మాటా గ్రహింపూ ఆలస్యం. ఊళ్లో కొందరు ఆమెను ‘పిచ్చిది’ అన్నారు, ‘కోతి’ అన్నారు.

బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడు మాత్రం ఆమె కాళ్లలోని వేగాన్ని చూశాడు. తర్వాత అథ్లెటిక్స్ కోచ్ నాగపురి రమేశ్ కంట్లో పడింది. శిక్షణకు హైదరాబాద్ పంపమని ఆయన అంటే, బస్సు చార్జీలకే వెనకాడాల్సిన ఇల్లు అది. ఎలాగో గచ్చిబౌలికి వచ్చింది. ఇక్కడే అసలు మలుపు. బ్యాడ్మింటన్ కోచ్ పుల్లెల గోపీచంద్ సలహాతో దీప్తిని సికింద్రాబాద్‌లో మేధోపరమైన వైకల్యాలను పరీక్షించే జాతీయ సంస్థకు తీసుకెళ్లారు. పారా క్రీడల్లో టీ20 విభాగానికి తలుపు అక్కడ తెరుచుకుంది.

ఇంతకీ ఈ టీ20 ఏమిటి? పారా అథ్లెటిక్స్‌లో ‘టీ’ అంటే ట్రాక్. పక్కన ఉన్న అంకె వైకల్యం ఎలాంటిదో చెబుతుంది. 11 నుంచి 13 వరకు చూపు లోపానికి, 20 మేధోపరమైన వైకల్యానికి. షాట్‌పుట్ లాంటి ఫీల్డ్ పోటీలకైతే ‘ఎఫ్20’ అంటారు. ఈ విభాగంలోకి రావాలంటే ఐక్యూ 75 దాటకూడదు. రోజువారీ పనుల్లో ఇబ్బంది ఉండాలి. అది ఎదిగే వయసులోనే మొదలై ఉండాలి.

ఇంత కట్టుదిట్టం ఎందుకంటే, 2000 సిడ్నీ పారాలింపిక్స్‌లో ఈ విభాగం బాస్కెట్‌బాల్ స్వర్ణం గెలిచిన స్పెయిన్ జట్టులో 12 మందికి గాను 10 మందికి అసలు వైకల్యమే లేదని తేలింది. దాంతో ఈ పోటీలనే పారాలింపిక్స్ నుంచి తీసేశారు. కొందరి మోసానికి లోకమంతటా నిజమైన క్రీడాకారులు శిక్ష అనుభవించారు. 2012 లండన్‌లో గానీ మళ్లీ చోటు దొరకలేదు.

కాళ్లు బాగానే ఉన్నాయి కదా, పరుగెత్తడానికి ఇబ్బందేమిటి అనిపించవచ్చు. 400 మీటర్లు కాళ్లతో పాటు లెక్కతోనూ గెలవాల్సిన పరుగు. ఆ దూరమంతా ఎవరూ పూర్తి వేగంతో పరుగెత్తలేరు. మొదటి 200 మీటర్లలో ఒంట్లో ఉన్నదంతా ఖర్చు పెట్టేస్తే, కండరాల్లో ఆమ్లత పెరిగి ఆఖరి వంద మీటర్లలో కాళ్లు బిగుసుకుపోతాయి. ఎక్కడ దూకాలో, ఎక్కడ దాచుకోవాలో పరుగెడుతూనే తేల్చుకోవాలి. మేధోపరమైన వైకల్యం దెబ్బతీసేది ఈ అంచనానే. అందుకే ఇలాంటి వాళ్లకు శిక్షణంటే చిన్న చిన్న మాటల్లో చెప్పడం, చేసి చూపించడం, ఒంటికి అలవాటయ్యే దాకా విసుగు లేకుండా మళ్లీ మళ్లీ చేయించడం.

ఆ ఓపిక ఫలితం గడియారంలో కనిపించింది. 2023 అక్టోబరులో హాంగ్‌ఝౌ ఆసియా పారా క్రీడల్లో 56.69 సెకన్లతో స్వర్ణం. 2024 మేలో జపాన్‌లోని కోబేలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో 55.07 సెకన్లు. అంతకుముందు అమెరికాకు చెందిన బ్రియానా క్లార్క్ పేరిట ఉన్న 55.12 సెకన్ల ప్రపంచ రికార్డు చెరిగిపోయింది. అదే ఏడాది సెప్టెంబరు 3న పారిస్ పారాలింపిక్స్ ఫైనల్లో 55.82 సెకన్లతో కాంస్యం. స్వర్ణానికీ ఆమెకూ మధ్య తేడా సెకనులో మూడింట రెండు వంతులే. మేధోపరమైన వైకల్యం ఉన్న క్రీడాకారుల్లో పారాలింపిక్ పతకం అందుకున్న తొలి భారతీయురాలు దీప్తే. తర్వాత అర్జున అవార్డు వచ్చింది. తెలంగాణ ప్రభుత్వం కోటి రూపాయలు, వరంగల్‌లో 500 గజాల స్థలం, గ్రూప్-2 ఉద్యోగం ప్రకటించింది.

కల్లెడలో పరుగెత్తిన కాళ్లూ, పారిస్‌లో పరుగెత్తిన కాళ్లూ ఒకటే. మారింది ఆమెకు జనం పెట్టిన పేరు. ‘పిచ్చిది’ అన్న మాట ఆ పిల్లకు దారి మూసేసింది. ‘టీ20’ అన్న మాట ఆమెకు ట్రాక్ మీద ఒక గీత గీసి, నీ చోటు ఇదీ అని చూపించింది. రెండు మాటలూ చెబుతున్నది ఒకే లోపం గురించే. మొదటిది నోటికొచ్చినట్టు అన్నది, రెండోది కొలిచి చెప్పింది.

మన బడుల్లో చదువులో వెనకబడ్డ పిల్లలను ఆఖరి బెంచీకి పంపడం తేలిక. వాళ్లలో ఒకరు ఆటల పీరియడులో అందరికంటే ముందు ఉరుకుతున్నారేమో చూడండి. ఉంటే, ఆ సంగతి ఇంట్లో చెప్పండి, పరీక్ష చేయించండి. దీప్తి కథ మొదలైంది అలాంటి ఒక చూపుతోనే.