బూడిదను మోసే నీటి లెక్క

నెల్లూరు తీరాన, ముత్తుకూరు మండలం నేలటూరులో, శ్రీ దామోదరం సంజీవయ్య థర్మల్ విద్యుత్ కేంద్రం 800 మెగావాట్ల యూనిట్లతో నెలకొన్నది. బొగ్గు మండిన చోట బూడిద మిగలక తప్పదు. ఇటువంటి కేంద్రాలలో బూడిదను నీటితో కలిపి గొట్టాల ద్వారా బూడిద చెరువుకు పంపడం చిరకాలపు పద్ధతి. మంచినీరు అరుదైన తీరప్రాంతంలో ఆ నీటి లెక్క రైతుకు కూడా సంబంధించినదే.

పలుచని మిశ్రమంలో బరువు ప్రకారం ఘనపదార్థం 20 శాతమనుకుంటే, టన్ను బూడిదకు 4 టన్నుల నీరు కావాలి. చిక్కని మిశ్రమంలో అది 65 శాతమైతే సుమారు 0.54 టన్ను చాలును. రోజుకు 1,000 టన్నుల బూడిదపై ఈ తేడా సుమారు 3,460 ఘనపు మీటర్లు. వరికి 1,200 మిల్లీమీటర్ల నీరు అవసరమని లెక్కిస్తే, మూడున్నర రోజుల ఆదా ఒక హెక్టారు పైరుకు సరిపోతుంది. చెరువులో తేరిన నీటిని తిరిగి వాడినచో తేడా తగ్గును గాని, ఆవిరి, ఇంకుడు నష్టాలు మిగులుతాయి.

పలుచని మిశ్రమం వేగం తగ్గితే రేణువులు గొట్టం అడుగున పేరుకొంటాయి. చిక్కని మిశ్రమంలో అవి అంత సులభంగా విడిపోవు. అయితే దానిని నెట్టుటకు అధిక పీడనపు పంపులు, అధిక విద్యుత్తు అవసరం.

అమెరికాలోని బ్లాక్ మీసా బొగ్గు పైపులైను 1970 నుండి 2005 వరకు ఎడారి భూగర్భజలంతో నడిచింది. ఆ జలంపై ఆధారపడిన హోపీ, నవాహో ప్రజలు దీనిని వ్యతిరేకించారు.

తీరంలో సముద్రపు నీరు ఉచితమనిపించవచ్చును. కాని లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలున్న ఆ నీరు లోహపు గొట్టాలను తినివేస్తుంది. చెరువు అడుగు పటిష్ఠం కాకుంటే ఇసుక నేలలగుండా బావులకు చేరుతుంది. నేల సంతృప్త ద్రావణపు విద్యుద్వాహకత మీటరుకు 3 డెసీసైమన్లు దాటితే వరి దిగుబడి తగ్గనారంభిస్తుంది.

కనుక పొడి బూడిదను గాలి పీడనంతో గోదాములకు చేర్చి, సిమెంటు, ఇటుకల తయారీకి ఇవ్వడమే ప్రథమ మార్గం. బూడిదను పూర్తిగా వినియోగించాలని 2021 డిసెంబరు 31 నాటి కేంద్ర ప్రకటన నిర్దేశించినది. మిగిలిన దానికే చిక్కని మిశ్రమం, అభేద్యమైన అడుగుగల చెరువు.

బూడిద చెరువుల సమీప రైతులు వేసవిలోను, ఈశాన్య రుతుపవనాల అనంతరమును బావినీటి విద్యుద్వాహకతను పరీక్షింపజేసి, ఆ అంకెలను ఏటేటా భద్రపరచుకొనవలెను. ఉప్పు ఎప్పుడు, ఎటునుండి వచ్చినదో చెప్పగల సాక్ష్యం అదే.